ఇసుకలో లో రేంజ్ గేరు: మన తీరానికి తగిన నడక

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారములు.

విషయం: తీరప్రాంత ఇసుకలో ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు నడిపేవారు లో రేంజ్ గేరును సరిగా వాడుకోవలసిన అవసరం గురించి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు ఇసుకలో దిగబడడం, మత్స్యకారుల ట్రాక్టర్లు వాటిని బయటికి లాగడం మామూలు విషయమైపోయింది. సంక్రాంతి సెలవులకో, కార్తీక పౌర్ణమి సముద్ర స్నానానికో మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, పాకల, కొత్తపట్నం వంటి తీరాలకు వెళ్లేవారు దీన్ని చూసే ఉంటారు. నాలుగు చక్రాలకూ శక్తి అందుతూ, దానికి తోడు చక్రాన్ని నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పే లో రేంజ్ గేరు కూడా ఉన్న వాహనం దిగబడిందంటే చాలా సందర్భాల్లో లోపం యంత్రానిది కాదు. ఆ గేరును ఎప్పుడు వేయాలో, వేశాక ఎలా నడపాలో కొన్నవారికి ఎవరూ చెప్పకపోవడమే లోపం. ఐటీఐలో మోటారు మెకానిక్ విద్యార్థులకు ఏళ్ల తరబడి, ఆ గేరు ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి చూపించిన బోధకుడిగా, ఈ తీరంలోనే పుట్టి పెరిగినవాడిగా, ఈ సంగతి కొంత వివరంగా మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ప్రస్తుతం యువకుల మధ్య రెండు రకాల మాటలు చలామణిలో ఉన్నాయి. లో రేంజ్ వేస్తే చక్రానికి బలం మరీ ఎక్కువై ఇసుకను తవ్వేస్తుందని, కాబట్టి ఇసుకలో హై రేంజే, అంటే రోడ్డు మీద వాడే మామూలు అమరికే, వాడాలని, వేగమే దారి చూపిస్తుందని కొందరు అంటున్నారు. మరికొందరు ఇసుక కనబడగానే లో రేంజ్ వేసి, మొదటి గేరులో యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కుతున్నారు. రెండో పద్ధతి ఎలాగూ తప్పు. మొదటిది ఎడారులకు సరిపోయే మాటే గాని మన తీరానికి సరిపోదు. ముందు టైర్లలో గాలి తగ్గించుకుని, మెత్తని ఇసుక మొదలుకాక మునుపే లో రేంజ్ వేసుకుని, రెండో గేరులోనో మూడో గేరులోనో నిదానంగా దాటడమే మన తీరానికి తగిన పద్ధతి అని నా దృఢమైన అభిప్రాయం. అందుకు కారణాలు చెబుతాను.

గేరుబాక్సు వెనుక ఉండే రెండో పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. గేరుబాక్సు నుంచి వచ్చిన శక్తిని ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు పంచడం దాని మొదటి పని. లో రేంజ్ వేసినప్పుడు ఆ శక్తిని మరికొన్ని పళ్లచక్రాల మీదుగా మళ్లించి, తిరిగే వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని అంత మేరకు పెంచడం రెండో పని. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో ఈ నిష్పత్తి 2.48. అంటే ఇంజన్ అదే వేగంతో తిరుగుతున్నా, గేరు అదే అయినా, చక్రం 2.48 రెట్లు నెమ్మదిగా, 2.48 రెట్లు బలంగా తిరుగుతుంది. హై రేంజ్ రెండో గేరులో గంటకు 20 కిలోమీటర్లు వెళ్లే వాహనం, ఇంజన్ వేగం మారకుండా, లో రేంజ్ రెండో గేరులో 8 కిలోమీటర్లే వెళుతుంది. మారుతి జిమ్నీలో ఈ నిష్పత్తి దాదాపు 2. ఇంజన్ కొత్తగా పుట్టించే శక్తి ఏమీ ఉండదు; ఉన్న శక్తే నిదానమైన, బలమైన తిప్పుగా మారుతుంది. మన రైతుకు ఇది విడమరచి చెప్పనవసరం లేదు. ట్రాక్టరులోనూ హై, లో అని వేరే లివర్ ఉంటుంది. రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు హైలోను, మడిలో దమ్ము చేసేటప్పుడు లోలోను పెట్టుకోవాలని పెన్నా డెల్టాలో ట్రాక్టరు తోలే ప్రతి కుర్రవాడికీ తెలుసు. అదే కుర్రవాడు థార్ ఎక్కేసరికి ఆ చిన్న లివర్‌ను ముట్టుకోవడానికి జంకుతున్నాడు. వాహనాన్ని అప్పగించే రోజున తాళాలు, పూలదండ, ఫొటో అన్నీ ఇస్తారు గాని ఆ లివర్ గురించి అయిదు నిమిషాలు చెప్పే ఓపిక చాలా చోట్ల ఉండడం లేదు.

ఇక ఇసుక సంగతి. తారు రోడ్డు మీద దొర్లే చక్రానికి ఎదురయ్యే నిరోధం వాహనం బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు మాత్రమే. వదులైన పొడి ఇసుకలో అది నూటికి ఇరవై వంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మనుషులతో కలిపి 2,000 కిలోలు తూగే వాహనం తారు మీద మెల్లగా సాగడానికి 30 కిలోల తోపు చాలితే, అదే వాహనానికి పొడి ఇసుకలో 400 కిలోల తోపు కావాలి. చక్రం తన ముందు ఇసుకను గట్టులా పోగుచేసుకుంటూ, ఆ గట్టునే ఎక్కే ప్రయత్నం చేస్తూ సాగుతుంది కనుక, నేల చదునుగా కనిపిస్తున్నా వాహనం మాత్రం ఎడతెగకుండా ఎగువకు పోతున్నట్టే లెక్క.

దీనివల్ల కలిగే ఒక ఫలితాన్ని చాలామంది గమనించరు. నిరోధం అంత ఎక్కువగా ఉన్నచోట గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళుతూ క్లచ్ తొక్కితే, వాహనం రెండు సెకన్లలో నిలిచిపోతుంది. గేరు మార్చడానికి ఒక్క సెకను పట్టినా సగం వేగం పోయినట్టే. కనుక ఒక్కో గేరూ మారుస్తూ వేగం పెంచుకుపోయే రోడ్డు అలవాటు ఇసుకలో పనికిరాదు. ఒక గేరు ఎంచుకుని, గట్టి నేల దొరికేదాకా అందులోనే ఉండాలి. హై రేంజ్‌లో అలా ఒకే గేరులో నిదానంగా వెళ్లాలంటే ఇంజన్ వేగం దాని బలం మొదలయ్యే స్థాయికి కిందికి పడిపోతుంది. థార్‌లోని 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్ తన పూర్తి తిప్పే బలాన్ని, అంటే 300 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1,600 నుంచి 2,800 ఆర్‌పీఎం మధ్యనే (ఆర్‌పీఎం అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఇస్తుంది. జిమ్నీ పెట్రోలు ఇంజన్ తన 134 న్యూటన్ మీటర్లను ఇవ్వాలంటే 4,000 ఆర్‌పీఎం దాకా పోవాలి. ఆ స్థాయికి కింద ఇంజన్ ఆగిపోతుందేమోనన్న భయంతో నడిపేవారు క్లచ్‌ను సగం తొక్కిపట్టి ఉంచుతారు. కాసేపటికి కాలిన వాసన వస్తుంది, వారం తిరగకుండా క్లచ్ ప్లేటు మార్పించుకోవలసి వస్తుంది. తీరం నుంచి వచ్చి వర్క్‌షాపులో నిలబడే వాహనాల్లో ఈ ఫిర్యాదు ఎంత తరచుగా వస్తుందో మెకానిక్‌లను అడిగితే చెబుతారు. లో రేంజ్‌లో అయితే క్లచ్‌ను పూర్తిగా వదిలేసి, ఇంజన్‌ను దాని బలమైన వేగంలో తిప్పుతూ, వాహనాన్ని మాత్రం మనిషి పరుగు వేగంతోనే నడుపుకోవచ్చు. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న వాహనాలకు కూడా ఇదే మేలు. ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ భారం మీద జారుతూ నూనె వేడెక్కిపోవడం లో రేంజ్‌లో చాలా తగ్గుతుంది.

వేగమే మందు అన్న వాదన ఎడారి వీడియోల ద్వారా మన కుర్రవాళ్ల దగ్గరకు వచ్చింది. అక్కడ తిన్నెలు ఎత్తైనవి, చుట్టూ కనుచూపు మేర ఖాళీ, వాడేవి పెద్ద ఇంజన్లు. దూరం నుంచి ఊపు తెచ్చుకుని, హై రేంజ్‌లో తిన్నె నెత్తికి చేరడం అక్కడ సరైన పద్ధతే. లో రేంజ్‌లో గేర్లు తొందరగా అయిపోయి ఆ ఊపు రాదు. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ మన తీరం ఎడారి కాదు, ఊరు. రోడ్డు ఆగిపోయిన చోటుకూ తడి ఇసుకకూ మధ్య ఉన్న పొడి పట్టీ మీదే ఫైబరు పడవలు నిలబెడతారు, వలలు ఆరవేస్తారు, చేపలు ఎండబెడతారు. సగం ఇసుకలో పూడిన లంగరు తాళ్లు అక్కడే ఉంటాయి. వలలు బాగుచేసుకునే పెద్దలు పడవ నీడన కూర్చుంటారు, పిల్లలు పడవల సందుల్లోంచి ఒక్కసారిగా పరుగెత్తుకొస్తారు. అలాంటి చోట గంటకు 40, 50 కిలోమీటర్ల ఊపుతో దూసుకుపోవడాన్ని నైపుణ్యం అనడానికి నాకు మనసొప్పదు. మెత్తని ఇసుకలో ముందు చక్రాలు తిప్పినంత మాత్రాన వాహనం వెంటనే తిరగదు. తిప్పిన చక్రాలతోనే కొంతదూరం ముందుకు దున్నుకుపోతుంది. పడవ పక్కనుంచి పిల్లవాడు అడ్డం వస్తే ఆ కొంతదూరమే ప్రాణం తీస్తుంది. వలతాడు ఇరుసుకు చుట్టుకుంటే ఒక కుటుంబం నెలల సంపాదన ముక్కలవుతుంది. నిదానంగానే వెళ్లాలి, అయినా ఆగిపోకూడదు అన్న రెండు షరతులూ ఒకేసారి తీరేది లో రేంజ్‌లోనే. నా వాదనకు ఇదే ముఖ్యమైన ఆధారం.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది కూడా పోటు గీతకు ఎగువన ఉండే ఈ పొడి ఇసుకలోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుతున్న ప్రాణులవి. గూళ్ల మీద ఇసుక బిగుసుకుపోయినా, పిల్లలు సముద్రానికి పాకే దారిలో లోతైన చక్రాల గాడులు ఉన్నా వాటికి చేటే. కాబట్టి ఎంత మంచి వాహనమైనా ఆ పట్టీ మీద నిలువునా తిరగకూడదు. పడవల ట్రాక్టర్లు రోజూ వాడే దారిలో, అతి తక్కువ దూరంలో, అడ్డంగా దాటాలి. అవసరం లేకపోతే వాహనాన్ని రోడ్డు చివరనే వదిలి నడిచి వెళ్లడం అన్నిటికంటే మంచిది.

లో రేంజ్ ఇసుకను తవ్వుతుందన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. చక్రానికి ఇసుక మీద దొరికే పట్టుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దును మించిన బలం అందితే చక్రం వాహనాన్ని ముందుకు తోయదు. తన కింది ఇసుకను వెనక్కి విసురుతూ తన గుంటను తానే తీసుకుంటుంది. లో రేంజ్ మొదటి గేరులో ఆ హద్దు దాటడానికి కాలు కొంచెం బరువెక్కితే చాలు. అందుకే ఇసుకలో మొదటి గేరు జోలికి పోవద్దని చెబుతాను. చదునైన చోట లో రేంజ్ రెండో గేరులో కదలాలి. బలమైన డీజిల్ ఇంజన్ అయితే, ఇసుక మరీ మెత్తగా లేకపోతే, మూడో గేరులో కూడా కదలవచ్చు. ఇంజన్‌ను యాక్సిలరేటర్ తొక్కకపోయినా తిరిగే కనీస వేగానికి కాస్త ఎగువన ఉంచి, క్లచ్‌ను ఆలస్యం చేయకుండా, కుదుపు లేకుండా పూర్తిగా వదలాలి. యాక్సిలరేటర్ మీద బరువు పెంచవలసింది ఆ తరువాతే. వాహనం వేగం పెరగకుండా ఇంజన్ మోత ఒక్కటే పెరిగిందంటే చక్రాలు ఖాళీగా తిరుగుతున్నాయని అర్థం. ఆ క్షణమే కాలు తీసేయాలి. చెవి ఈ సంగతిని కంటికంటే ముందే పట్టుకుంటుంది, కాబట్టి ఇసుకలో పాటలు ఆపి, అద్దాలు దించి నడపమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ని. మరో సంగతి కూడా లో రేంజ్‌కు అనుకూలంగా ఉంది. చక్రం జారగానే ఇంజన్ శక్తిని కోసేసే ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ రోడ్డు మీద ప్రాణాలు కాపాడుతుంది గాని, ఇసుకలో సరిగ్గా బలం కావలసిన వేళ వాహనాన్ని ఆపేస్తుంది. చాలా వాహనాల్లో లో రేంజ్ వేయగానే అది తనంతట తానే తప్పుకుంటుంది.

అయితే టైర్లలో గాలి తగ్గించకుండా ఏ రేంజ్ వేసినా ప్రయోజనం తక్కువ. ఈ మాటను పెద్ద అక్షరాలతో వేయవలసిందిగా మిమ్మల్ని కోరాలనిపిస్తుంది. 2,000 కిలోల వాహనంలో ఒక్కో చక్రం మీద సుమారు 500 కిలోల భారం ఉంటుంది. టైరులో 32 పీఎస్‌ఐ గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోల ఒత్తిడి ఉంటే, ఆ భారాన్ని మోయడానికి టైరు నేలను తాకే మేర సుమారు 220 చదరపు సెంటీమీటర్లు. గాలిని 16 పీఎస్‌ఐకి దించితే అది దాదాపు రెట్టింపు అవుతుంది. టైరు గోడల బిగువును బట్టి లెక్క కొంచెం అటూ ఇటూ కావచ్చు గాని సూత్రం మారదు. టైరు పక్కలకు పెద్దగా వెడల్పవదు, ముందు వెనుకలకు పొడవుగా పరుచుకుంటుంది. దాంతో చక్రం దిగే లోతు తగ్గుతుంది, ఎదురుగా పోగయ్యే ఇసుక తగ్గుతుంది, ఇందాక చెప్పిన 400 కిలోల తోపు కూడా బాగా తగ్గుతుంది. మన తీరంలో తిరిగే ఇలాంటి వాహనాలకు 16 నుంచి 18 పీఎస్‌ఐ చాలు. అంతకంటే మరీ దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక వేగం 30 కిలోమీటర్లు దాటకూడదు, స్టీరింగు విసురుగా తిప్పకూడదు. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపుకోవాలి. బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు, గాలి కొలిచే గేజి లేకుండా ఇసుకలోకి వెళ్లడం పార లేకుండా చేనికి వెళ్లడమే. గాలి దించి, లో రేంజ్ రెండో గేరులో వెళ్లే సాధారణ వాహనం, నిండు గాలితో అరుస్తూ వెళ్లే ఖరీదైన వాహనం కంటే దూరం పోతుంది.

లో రేంజ్ వేసే పద్ధతి కూడా చెప్పాలి. లివర్‌తో వేసే వాహనాల్లో వాహనాన్ని పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, ప్రధాన గేరును న్యూట్రల్‌లో ఉంచి చిన్న లివర్‌ను నిబ్బరంగా కదపాలి. పళ్లు కలవకపోతే బలవంతం చేయకుండా వాహనాన్ని కొద్దిగా కదిలించి మళ్లీ ప్రయత్నించాలి. డాష్‌బోర్డులో దీపం నిలకడగా వెలిగాకనే బయలుదేరాలి. ఈ పనంతా గట్టి నేల మీద చేసుకోవాలి. దిగబడిన తరువాత, చుట్టూ జనం చేరి తలా ఒక సలహా ఇస్తున్నప్పుడు, వాహనం ఒక పక్కకు ఒరిగి గేర్ల మీద భారం పడి ఉన్నప్పుడు ఆ లివర్ తేలికగా కదలదు. అలాగే తారు రోడ్డు ఎక్కేముందు ఫోర్ వీల్ డ్రైవ్‌ను పూర్తిగా తీసేయాలి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇసుకలో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద జారే వీలు లేక ఆ మెలి అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద, షాఫ్టుల మీద పడుతుంది. పళ్లు విరిగిన ట్రాన్స్‌ఫర్ కేసులు నా బల్ల మీదకు ఎక్కువగా వచ్చింది ఈ కారణంతోనే.

ఇసుక అంతా ఒకటి కాదన్నది తీరంలో పుట్టినవారికి తెలిసిందే, పట్టణం నుంచి వచ్చేవారికి చెప్పవలసిందే. అల తడిపి వెనక్కి వెళ్లిన పట్టీ గట్టిగా ఉంటుంది. ఇసుక రేణువుల మధ్య ఉన్న పలుచని నీటి పొర వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది కనుక అక్కడ హై రేంజ్ ఫోర్ వీల్ డ్రైవ్ సరిపోతుంది, లో రేంజ్ అక్కరలేదు. కానీ నీరు నిండిపోయి ఊరుతున్న ఇసుకలో ఆ పట్టు ఉండదు. అల అంచున ఆగిన వాహనం కింద ఒక్కో అల ఇసుకను కోసుకుపోతూ ఉంటుంది. కెరటం అంచున ఫొటో కోసం వాహనం నిలపడం వల్లే సముద్రపు నీరు ఇంజన్ దాకా ఎక్కిన సంఘటనలు జరుగుతున్నాయి. పెన్నా, మన్నేరు వంటి నదుల ఇసుక తీరపు ఇసుక కంటే ముతక. అక్కడ ఇసుక తవ్విన గుంతలు పైకి సమంగా పూడినట్టు కనిపించినా అడుగున బిగువు ఉండదు. ఇక బకింగ్‌హాం కాలువ పక్కన, వాగులు సముద్రంలో కలిసే చోట, ఉప్పు కయ్యల అంచున పైన బెత్తెడు ఇసుక, కింద నల్లటి బురద ఉంటుంది. అక్కడ లో రేంజ్ కూడా కాపాడలేదు. దిగి, నాలుగడుగులు నడిచి, మడమతో తన్ని చూసిన తరువాతే చక్రం పెట్టాలి.

దిగబడితే మొదట చేయవలసింది యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయడం. చక్రం ఒక్కసారి ఖాళీగా తిరిగితే కొద్దిగానే దిగుతుంది. మరో నాలుగుసార్లు తిప్పితే చాసిస్, అంటే వాహనం అడుగు చట్రం, ఇసుక మీద కూర్చుంటుంది, ఆ తరువాత ఏ గేరూ ఉపకరించదు. దిగి చక్రాల ముందు, వెనుక ఇసుకను పారతో తీసేసి, గాలి మరో రెండు మూడు పీఎస్‌ఐ తగ్గించి, లో రేంజ్ రివర్స్‌లో, వచ్చిన గాడిలోనే వెనక్కి రావాలి. ఆ గాడిలో ఇసుక అప్పటికే బిగిసి ఉంటుంది కనుక సగం వాహనాలు ఇంతటితోనే బయటపడతాయి. ఆపవలసి వస్తే బ్రేకు తొక్కకూడదు. తొక్కితే చక్రాల ముందు ఇసుక గుట్ట పడి మళ్లీ కదలడం కష్టమవుతుంది. కాలు తీసేసి దానంతట దాన్ని ఆగనివ్వాలి, వీలైతే ముందు భాగం పల్లం వైపు ఉండేట్టు. ట్రాక్టరుతో లాగించవలసి వచ్చినప్పుడు తాడును బంపరుకు కట్టడం అతి ప్రమాదకరం. చాసిస్‌కు బిగించిన కొక్కేనికే కట్టాలి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవ్వరూ నిలబడకూడదు. తెగిన తాడు, ఊడిన ఇనుప కొక్కెం మనిషిని చంపగలవు.

లో రేంజ్ లేని వాహనాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2023 నుంచి థార్ వెనుక చక్రాలకే శక్తి ఉన్న రకంలో కూడా అమ్ముడవుతోంది. పైకి చూస్తే తేడా తెలియదు. పక్కవాడి థార్ వెళ్లింది కదా అని ఇసుకలోకి దిగేవారు ముందు తమ వాహనంలో ఆ రెండో లివర్ ఉందో లేదో చూసుకోవాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందుతున్నా లో రేంజ్ లేని కార్లు తడి రోడ్డుకు, గతుకుల దారికి మంచివే గాని పొడి ఇసుక మీద కాసేపటికే క్లచ్‌నో గేరుబాక్సునో వేడెక్కించుకుంటాయి. వాటితో ఇసుకలోకి పోవద్దనే నేను చెబుతాను.

ఇది సరదాకు వెళ్లేవారి విషయం మాత్రమే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కాలం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వేళల్లో తీరపు రోడ్ల మీద ఇసుక మేటలు వేస్తుంది. పట్టపుపాలేలకు, అంటే మత్స్యకారుల పల్లెలకు, మందులు, తాగునీరు, కరెంటు సిబ్బంది చేరాలంటే లో రేంజ్ ఉన్న వాహనాలే వెళ్లాలి. ప్రభుత్వ శాఖల్లో ఒకప్పుడు జీపులు, ఆ తరువాత 1985లో వచ్చిన మారుతి జిప్సీలు నడిపిన పాత డ్రైవర్లకు ఈ విద్య చేతిలో ఉండేది. వారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేశారు. ఇప్పుడు వాహనాలు మునుపటికంటే బలమైనవి, నడిపేవారికి మాత్రం ఆ లివర్‌తో పరిచయం లేదు. లైసెన్సు పరీక్షలో దీని ప్రస్తావన లేదు, డ్రైవింగ్ స్కూళ్లలో నేర్పరు.

అందుచేత రెండు జిల్లాల కలెక్టర్లకు, రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. సెప్టెంబరులోనే తీర మండలాల్లో పనిచేసే అంబులెన్సు, విద్యుత్తు, రెవెన్యూ, మెరైన్ పోలీసు డ్రైవర్లకు ఒక పూట ఇసుకలో శిక్షణ ఇప్పించాలి. పాఠం పెద్దదేమీ కాదు: గాలి దించడం, లో రేంజ్ వేయడం, రెండో గేరులో కదలడం, బ్రేకు లేకుండా ఆపడం, వచ్చిన గాడిలో వెనక్కి రావడం. నేర్పడానికి విశ్రాంత డ్రైవర్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. పడవలు లాగే ట్రాక్టరు తోలేవారికి ఏ చోట ఇసుక ఎలాంటిదో ఆ డ్రైవర్లకంటే బాగా తెలుసు కనుక వారినీ పిలిచి, ఆ పూటకు కూలి ఇవ్వాలి. సందర్శకులు వచ్చే తీరాల్లో రోడ్డు ఆగిపోయే చోట ఒక తెలుగు బోర్డు పెట్టించి, వాహనం ఏ దారిలో ఎంతవరకు వెళ్లవచ్చో, టైర్లలో గాలి ఎంత ఉండాలో, తాబేళ్ల నెలల్లో ఎక్కడికి వెళ్లకూడదో రాయించాలి. దాని పక్కన గాలి నింపే యంత్రం ఒకటి పెట్టుకోవడానికి ఊరి స్వయం సహాయక సంఘానికి అనుమతి ఇస్తే వారికీ నాలుగు రూపాయలు వస్తాయి. వాహనాలు అమ్మే సంస్థలు కూడా, కొన్నవారిని షోరూము వెనుక ఖాళీ స్థలంలోనైనా సరే ఒకసారి ఆ లివర్ వేయించి, తీయించి, ఆ తరువాతే తాళాలు ఇవ్వాలని కోరుతున్నాను. శిక్షణకు పాత ట్రాన్స్‌ఫర్ కేసు కోసి చూపించే నమూనా కావలసి వస్తే, ఐటీఐలను అడిగితే దొరుకుతుంది. వివరించడానికి నాలాంటి విశ్రాంత బోధకులు జీతం అడగకుండా వస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు, కావలి,
నెల్లూరు జిల్లా.